నల్లరేగడిలో పదో ఆట

కళ్యాణదుర్గం నుంచి విడపనకల్లుకు ఎవరూ యాత్ర పోరు. మునగడానికి నది లేదు, ఎక్కడానికి కొండ లేదు. నేను పోయాను. ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు బయలుదేరి ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాను. నాతోపాటు పదహారు మంది ఆడపిల్లలు, ఒక కోచ్, డ్రైవర్ మాబు. ఆ పిల్లలు మా ఊరి ఫుట్‌బాల్ జట్టు. ఎవరు ఎన్నో నిమిషంలో గోల్ కొట్టారు, ఎవరికి పసుపు కార్డు పడింది, ఎన్ని పాయింట్లు వచ్చాయి అన్న పుస్తకం నా దగ్గర ఉంటుంది. గుంతకల్లు రైల్వే గూడ్సు ఆఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. రోజూ సాయంత్రం రైల్వే జట్ల ఆట చూసి చూసి ఆట తెలిసింది, ఆఫీసులో రాసి రాసి రాయడం అలవాటైంది.

మా జట్టు తొమ్మిదేళ్ళు చందాల మీద నడిచింది. నిరుడు వానాకాలంలో ఓబుళేసు దాన్ని తీసుకున్నాడు. ఓబుళేసుకు నాలుగు బోరు బండ్లున్నాయి. మా చుట్టుపక్కల భూమికి అతను పెట్టినన్ని రంధ్రాలు ఇంకెవరూ పెట్టలేదు. టీవీలో ఇంగ్లండ్ ఆటలు వదలకుండా చూస్తాడు. అక్కడ క్లబ్బు కొన్న కొత్త ఓనర్లు ఏమేం చేస్తారో అవన్నీ ఇక్కడ చేశాడు. ముందు పాత కోచ్‌ని పంపించేశాడు. బెంగుళూరు నుంచి కొత్తాయన్ను తెచ్చాడు. చొక్కాల మీద బోరు బండి బొమ్మ వేయించాడు. ఒక్కొక్క పిల్లకు నెలకు ఆరు వేలు జీతం పెట్టాడు. బంతి తన్నినందుకు ఆడపిల్లకు జీతం రావడం మా ఊళ్ళో నేనెరిగినంతలో అదే మొదలు.

జీతంతోపాటు షరతు కూడా పెట్టాడు. జట్టంతా నిలబడి ఉండగా, నా ముందే చెప్పాడు.

"ఇంగ్లండ్‌లో జట్టు కిందికి జారితే ఓనరు ఊరుకుంటాడా? ఆరు జట్లు ఉండాయి. రెండో స్థానమన్నా రావాల. రాలేదంటే జట్టును బళ్ళారికి ఎత్తుకపోతా. నా పెద్దాఫీసు ఆడనే ఉండాది. వచ్చేవాళ్ళు రండి, రానివాళ్ళు ఇండ్లకాడ ఉండండి."

మరునాడు ఇల్లిల్లూ తిరిగి అడిగాను. పదహారు ఇళ్ళలో పదకొండు ఇళ్ళవాళ్ళు బళ్ళారికి పంపేది లేదన్నారు. గోల్‌కీపర్ సుంకమ్మ తండ్రి గొర్రెలు మేపుతాడు. ఆయన తల కూడా ఎత్తలేదు. "ఊళ్ళో అయితే ఆడుకోనీ. బళ్ళారికి పంపేదిల్యా" అన్నాడు. సుంకమ్మకు పంతొమ్మిదేళ్ళు. జీతం డబ్బుతో నాలుగు గొర్రెపిల్లలు కొని తండ్రి మందలో కలిపింది. జట్టు పోతే ఆ నాలుగింటి వెనకా తనే నడవాలి.

బయలుదేరేనాటికి పరిస్థితి ఇది. ఎనిమిది ఆటలైపోయాయి. మాకు పద్నాలుగు పాయింట్లు. ధర్మవరం వాళ్ళు పది ఆటలూ ముగించి పదహారుతో రెండో స్థానంలో కూర్చున్నారు. మాకు రెండు ఆటలు మిగిలాయి, రెండూ పరాయి ఊళ్ళలోనే. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. రెండు ఆటల్లోనూ ఓడకపోతే చాలు, కనీసం పదహారు వస్తాయి. గోల్స్ లెక్కలో మేమే మెరుగు కాబట్టి రెండో స్థానం మాదవుతుంది.

ఉరవకొండలో ఉగ్గాని

ఎనిమిదింటికి ఉరవకొండ చేరాం. బస్టాండు పక్కన ఒకామె బండి మీద ఉగ్గాని చేస్తోంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బొరుగులను, అంటే మరమరాలను, నీళ్ళలో ముంచి పిండేసి, పసుపు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలతో తాలింపు వేస్తారు. మీద పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా ఇస్తే మావైపు గొడవలవుతాయి. రెండు బజ్జీలతో ప్లేటు ముప్పై ఐదు. కళ్యాణదుర్గంలో ముప్పై. ఆ ఐదు రూపాయలు ఎందుకని అడిగాను.

"మా మిరక్కాయ కారం ఎక్కువమ్మా. దానికే ఐదు" అంది. తిన్నాక ఒప్పుకోవలసి వచ్చింది.

ఆమె పిల్లల చొక్కాల వైపు, మోకాళ్ళ వైపు చూసింది. "ఏం పాపా, ఇట్ల చెడ్డీలేసుకునే ఆడతారా అందరి ముందర?"

"చీర కట్టుకుని ఆడితే బంతి కుచ్చిళ్ళలోకి పోతాది అక్కా. మళ్ళా రిఫరీ వచ్చి ఎతకాల" అంది సుంకమ్మ.

ఆమె నవ్వుతూ ఇంకో బజ్జీ వేసింది. దాని డబ్బు తీసుకోలేదు. ఆ నవ్వుల్లోనే సుంకమ్మ చేతి గ్లవ్స్ అక్కడి బెంచీ మీద మరిచిపోయింది. అరగంట దూరం వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి తిప్పితే ఆట సమయానికి అందుకోలేమని మాబు అన్నాడు.

గుంతకల్లు

గుంతకల్లులో మనుషులు గడియారం చూసి బతుకుతారు. మా ఊళ్ళో "పొద్దు నడినెత్తి మీదికొచ్చినాక రా" అంటే, అక్కడ "పదమూడు ఇరవైకి రా" అంటారు. భార్యాభర్తలు కూడా అట్లాగే మాట్లాడుకుంటారు. నేను ఉన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. టీ పది రూపాయలైంది, గ్లాసు మాత్రం చిన్నదైంది.

గ్లవ్స్ కోసం మూడు కొట్లు తిరిగాం. ఆట సామాన్లు అమ్మే కొట్టు మూసి ఉంది. చివరికి హార్డ్‌వేర్ కొట్లో తోటపనికి వాడే రబ్బరు గ్లవ్స్ దొరికాయి. అరవై రూపాయలు. కొట్టతను సుంకమ్మ చేతులు చూసి, "ముండ్ల కంపలు కొట్టనీకా పాపా?" అని అడిగాడు.

"లేదన్నా, మీ ఊరి బంతులు పట్టనీక" అంది.

ఆ గ్లవ్స్‌తోనే ఆడింది. గుంతకల్లు జట్టు మొదటి స్థానంలో ఉన్న జట్టు. ఇరవై ఆరో నిమిషంలో వాళ్ళు గోల్ కొట్టారు. ఆ తర్వాత సుంకమ్మ ఏడు బంతులు ఆపింది, ఏడూ రాసుకున్నాను. డెబ్బై ఒకటో నిమిషంలో మావాళ్ళు బదులు గోల్ కొట్టారు. ఒకటి ఒకటి. మాకు పదిహేను పాయింట్లయ్యాయి. ఆఖరి ఆటలో డ్రా అయితే చాలు.

ఓబుళేసు ఆ సాయంత్రం నాకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "అమ్మా, కూడి చూసినావా సరిగ్గా? డ్రా అయితే చాలునా?" నాలుగుసార్లూ చాలునన్నాను.

శనివారం, విశ్రాంతి రోజు

స్టేషన్‌కు దగ్గరలో ఒక కళ్యాణమండపంలో దిగాం. పిల్లలు సాక్సులు ఉతికి పెండ్లి కుర్చీల మీద ఆరవేశారు. కోచ్, మాబు కలిసి విడపనకల్లు పోయి మైదానం చూసి వచ్చారు. కోచ్ ముఖం బాగాలేదు. నేల బీటలు వారి రాయిలా ఉందన్నాడు. బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేమన్నాడు. నడిస్తే మోకాటి వరకు దుమ్ము లేస్తోందట.

అతను ఆ మాట ఓబుళేసుకు ఫోన్‌లో చెప్పాడు. ఓబుళేసు గొంతు నా వరకు వినిపించింది.

"నీళ్ళు లేని మొగమా నాది? రెండు ట్యాంకర్లు పంపిస్తా. తెల్లారేసరికి దుమ్ము అణిగి సిమెంటు గచ్చు మాదిరి అవుతాది సూడు."

ఇందులో ఆశ్చర్యం లేదు. కళ్యాణదుర్గంలో ప్రతి ఆటకూ అతను చేసింది అదే. మాది ఎర్రనేల. ముందురోజు తడిపితే పొద్దునకు నీళ్ళు లోపలికి ఇంకిపోతాయి, పైన నేల గట్టిగా, చదునుగా అమరుతుంది. మెల్లగా తోసినా బంతి పదిగజాలు దొర్లుతుంది. విడపనకల్లు జట్టువాళ్ళు మైదానానికి కాపలా పెట్టరు, గేటు లేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. నీళ్ళు పోస్తామంటే మా ప్రాంతంలో కాదనేవాళ్ళు ఉండరు గదా! నాకూ ఏమీ తట్టలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ పక్కనే ఉన్నాను కాని, నేను నడిచింది ప్లాట్‌ఫారాల మీద, చేలల్లో కాదు.

విడపనకల్లు

ఆదివారం పది గంటల నలభై నిమిషాలకు చేరాం. దారిపొడవునా శనగ కోతలైపోయి, కళ్ళాల్లో పొట్టు కుప్పలు కనబడ్డాయి. మైదానం దగ్గర మాబు వ్యాన్ ఆపి దిగాడు. నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగుకు కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

"యా అల్లా" అన్నాడు. "ఇది గచ్చు గాదు అవ్వా. బంక."

మైదానమంతా నల్లగా మెరుస్తోంది. నల్లరేగడి నీళ్ళను మింగదు, పట్టుకుని కూర్చుంటుంది. ఒక పిల్ల పరుగెత్తి చూసింది. ఇరవై అడుగులకే ఒక్కొక్క బూటు కింద పిడికెడు మందాన మట్టి పేరుకుంది. బంతి తన్నితే మూడు గజాలు పోయి, ఎవరో పట్టుకున్నట్టు నిలిచిపోయింది. ఒక ట్యాంకర్ ఖాళీ అయి ఉంది. రెండోది నిండుగానే గట్టున నిలబడి ఉంది. దాని డ్రైవర్ మట్టిలోకి దిగడానికి భయపడి ఆపేశాడట.

ఆ ఊరి జట్టును నడిపేది హొన్నూరక్క. యాభై ఏళ్ళుంటాయి, వాళ్ళ కెప్టెన్‌కు తల్లి. ఆమె వచ్చి అందరికీ బెల్లం ముక్క, చెంబుతో నీళ్ళు ఇచ్చింది. మా ఊళ్ళో వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇస్తాం. కన్నడ పొలిమేర కాబట్టి అక్కడ బెల్లం నీళ్ళు. అందరం తాగేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టింది.

"ఏమమ్మా, బుద్ధి ఉండాదా మీకు? రేగట్లో ఎవరన్నా నీళ్ళు పోస్తారా? వాన పడితే మేమే నాలుగు దినాలు చేన్లోకి కాలు పెట్టం. ఎవరిని అడిగి పోసినారు?"

"తప్పు మాదే" అన్నాను.

రిఫరీ వచ్చి బూటు మడమతో నాలుగు చోట్ల గుచ్చి చూశాడు. మెత్తగా మాట్లాడే మనిషి. "నాలుగు గంటలకు ఆట. నాలుగున్నర లోపల మొదలు కాకుంటే, మైదానం పాడుచేసిన జట్టు ఓడినట్టు రాయాల నేను" అన్నాడు. నియమాల కాగితంలో ఆరో అంశం అదే. ఈ సీజను మొదట్లో దాన్ని సాఫుగా రాసి ఆరు జట్లకూ పంపింది నేనే.

సుంకమ్మ హొన్నూరక్క ముందుకు పోయి నిలబడింది. "పెద్దమ్మా, ఓడితే ఓడిపోతాం. ఆడి ఓడిపోతాం. ఏమన్నా దారి ఉంటే చెప్పు."

హొన్నూరక్క ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. ఆమె కూతురు వెనకనుంచి, "అమ్మా, నేనూ ఆడనీకే వచ్చినా, కూర్చోనీక కాదు" అంది.

"దారి ఉండాది. శనగపొట్టు పరిస్తే తడి పీలుస్తాది. కానీ తడిసిన పొట్టు నా ఎనుములు ముట్టవు. ఎండాకాలం మేత అది" అంది హొన్నూరక్క. కొంచెం ఆలోచించి గట్టున ఉన్న ట్యాంకర్ వైపు చూసింది. "ఆ నిండు ట్యాంకర్ మా ఊరి పశువుల తొట్టిలోకి పోవాల. అట్లనే పొట్టుకు బదులు పొట్టు మీ ఓనరు పంపియ్యాల. సరేనా?"

ఓబుళేసును అడగకుండానే సరేనన్నాను. అరవై ఏడేళ్ళ వయసులో ఇంకొకరి సొత్తు మీద మాటివ్వడం అదే మొదటిసారి.

పదకొండున్నరకు మొదలుపెట్టాం. రెండు జట్ల పిల్లలూ గంపలు మోశారు. పన్నెండున్నరకు గోల్ దగ్గర ఒక మూల మాత్రమే అయింది. ఒంటిగంటకు హొన్నూరక్క జొన్నరొట్టెలు, నల్లటి గురెళ్ళ గింజల పొడి, వంకాయ పుల్లగూర పంపింది. మేం రాగి సంగటి తినేవాళ్ళం. జొన్నరొట్టె మా పిల్లలకు గొంతు దిగదు. ఆరోజు మాట్లాడకుండా నలభై ఒక్క రొట్టెలు తిన్నారు. మూడున్నరకు మధ్య గీత దాటాం. సరిగ్గా నాలుగు గంటల పద్దెనిమిది నిమిషాలకు ఆఖరి గంప పడింది. రెండు వందల పన్నెండు గంపలు. రిఫరీ మళ్ళీ గుచ్చి చూసి, వాచీ చూసి, ఈల వేశాడు.

ఎండిన పొట్టు మీద మొదటి సగం బాగానే సాగింది. ఎవరూ గోల్ కొట్టలేదు. పరుగెత్తినకొద్దీ పొట్టు కిందికి తొక్కుకుపోయి, మట్టి పైకి వచ్చింది. రెండో సగంలో ఓబుళేసు కారు వచ్చి గట్టున ఆగింది. తెల్ల చొక్కాతో దిగి, నా పక్కన నిలబడ్డాడు.

"ఎంత సేపుండాది?"

"పదిహేడు నిమిషాలు."

"ఇట్లనే ఉంటే చాలు గదా?"

"చాలు."

ఎనభై మూడో నిమిషం. మా డిఫెండర్ దగ్గర బంతి ఉంది. ఎదుటివాళ్ళు దూరంగా ఉన్నారు. ఏ భయమూ లేదు. కళ్యాణదుర్గంలో తోసినట్టే సుంకమ్మ వైపు మెల్లగా వెనక్కి తోసింది. ఎర్రనేల మీదైతే ఆ బంతి దొర్లుకుంటూ పోయి సుంకమ్మ కాళ్ళ దగ్గరికి చేరేది. ఇక్కడ సగం దారిలో మట్టిలో దిగబడి నిలిచిపోయింది. సుంకమ్మ ముందుకు దూకింది. ఎడమ కాలు కూరుకుపోయింది. బూటు వదిలేసి ఒంటి బూటుతో ఉరికింది. హొన్నూరక్క కూతురు ఒక్క అడుగు ముందు చేరి ఖాళీ గోల్‌లోకి తన్నింది.

మిగిలిన ఏడు నిమిషాల్లో మావాళ్ళు రెండుసార్లు గోల్ దాకా పోయారు. రెండుసార్లూ బంతి నిలిచిపోయింది. ఆరు గంటల ఐదు నిమిషాలకు ఆట ముగిసింది. సున్నా, ఒకటి. పదిహేను పాయింట్లు. మూడో స్థానం.

గట్టు మీద

ఎవరూ ఏడవలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. ఓబుళేసు పుస్తకం అడిగాడు, ఇచ్చాను. మూడు అన్న అంకె మీద వేలు పెట్టాడు.

"చెప్పిన మాట చెప్పినట్టు. ఒకటో తేదీ నుంచి బళ్ళారి" అన్నాడు.

సుంకమ్మ ఒక కాలికి బూటు, ఒక కాలికి మట్టి, అట్లాగే వచ్చింది. "అన్నా, ఒక మాట. మా నాయనకు బోరు వేసినావు, జ్ఞాపకముందా?"

"ఉండాది. కొండకింద చేను."

"మొదటిది ఏమొచ్చింది?"

"దుమ్ము."

"దుమ్మొచ్చిందని బండి ఎత్తుకపోయినావా?"

మాబు, ట్యాంకర్ డ్రైవర్, హొన్నూరక్క, అందరూ ఓబుళేసు వైపు తిరిగారు. సుంకమ్మ ఏం అడుగుతోందో అక్కడ అందరికీ తెలుసు. ఎక్కడి చదువరులు చదువుతారో తెలియదు కాబట్టి రాస్తున్నాను. మావైపు మొదటి బోరులో నీళ్ళు పడకపోతే, అదే రైతుకు రెండో బోరు సగం రేటుకు వేయడం బండివాళ్ళ ఆచారం. కాగితం ఉండదు. మొదటిది ఎండగానే బండి కట్టుకుని పోయినవాణ్ని ఆ ఊళ్ళో మళ్ళీ ఎవరూ పిలవరు.

"లేదు. రెండోది సగానికి వేసినా" అన్నాడు ఓబుళేసు మెల్లగా.

"మాకూ అట్లనే వెయ్యి. సగం జీతం. ఇంకొక్క సంవత్సరం. కళ్యాణదుర్గంలోనే."

"ఇది ఆటమ్మా. బోరు కాదు."

హొన్నూరక్క అందుకుంది. "అయితే ఆటకాడ బోరునీళ్ళు ఎందుకు పోసినావప్పా? ఆ పిల్ల కాలు పట్టుకున్నది ఎవరి నీళ్ళు?"

ఓబుళేసు తన బూట్ల వైపు చూసుకున్నాడు. చీలమండల దాకా నల్లగా ఉన్నాయి. మైదానంలోకి పోయి, సుంకమ్మ వదిలేసిన బూటును రెండు చేతులా లాగాడు. మూడోసారికి వచ్చింది. తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మూడు వేలు. ఒక్క సంవత్సరమే. దానికెంతమంది ఉంటారో ఇప్పుడే చెప్పండి. తర్వాత నా దగ్గరికొచ్చి గొణిగితే కుదరదు."

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మూడు వేలు ఆరు వేలు కాదు. మా కెప్టెన్ చెయ్యి ఎత్తలేదు. ఆమె ఇంట్లో జీతం అవసరం నాకు తెలుసు, హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీలో పిలుస్తున్నారు. ఆమె తల దించుకుని సుంకమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఇంకో ఇద్దరు కూడా ఎత్తలేదు. నేను వరుసగా పేర్లు పిలిచి, ఒక్కొక్క చెయ్యి చూసి రాసుకున్నాను. ఓబుళేసు చేత దాని కింద సంతకం పెట్టించాను.

పదమూడు మంది. ఆటకు పదకొండు మంది చాలు.